గోడకి ముద్దలు

"మందు నేనే పెట్టాను."

కాగితం మీద ఆ ఒక్క వాక్యం కింద ఎర్ర గీత ఉంది. ఇన్‌స్పెక్టర్ కాగితాన్ని నత్తమ్మ వైపు జరిపి కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇంకేం కావాలక్కా? తన నోటితో తనే చెప్పింది. కింద వేలిముద్ర కూడా ఉంది."

"సంతకం చెయ్యడం రాదా ఆ పిల్లకి?"

"వచ్చు. చెయ్యి వణుకుతోందని వేలిముద్ర తీసుకున్నాం."

నత్తమ్మ కాగితాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివింది. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆమె ఏ కేసునీ తొందరగా తేల్చలేదు. ఆమె తేల్చినదాన్ని మరొకరు తిరగతోడలేదు కూడా. 'నత్త' అన్న పేరు పెట్టింది ఈ ఇన్‌స్పెక్టరే, ఆమె కింద పని నేర్చుకుంటున్న రోజుల్లో. చివర 'అమ్మ' మిగతావాళ్ళు మర్యాదకి తగిలించారు. ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచినా ఆ పేరు ఆమెను వదల్లేదు.

చనిపోయినవాడు పాత కట్టడాలను కొలిచి పటాలు గీసే మనిషి. ఈ పాత ధాన్యపు కొట్టుని కొలవడానికే వచ్చాడు. కొట్టు ఇప్పుడు గెస్ట్‌హౌస్. ఒకప్పుడు బండ్లు లోపలిదాకా వచ్చి బస్తాలు దింపిన చోట అతిథుల భోజనాల బల్ల వేశారు. తల ఎత్తితే దూలానికి బస్తాలు పైకి లాగిన ఇనప కప్పీ ఇంకా వేలాడుతూ కనిపిస్తుంది. నిన్న పొద్దున 'గింజల గది' అని బోర్డు ఉన్న గదిలో ఆయన శవమై దొరికాడు. 'మా ఆయన విషం తాగే మనిషి కాదు. ఆయన ఎలా పోయారో నాకు తెలియాలి' అని ఆయన భార్య నత్తమ్మకి ఫోన్ చేసింది.

"డాక్టరు ఏమన్నాడు?"

"విషమే అన్నాడు. పురుగుమందు జాతి."

"కడుపులో దొరికిందా?"

"ఊపిరితిత్తులు నీరు పట్టాయన్నాడు. కడుపు సంగతి ల్యాబ్ రిపోర్టులో వస్తుంది. అది వచ్చేదాకా ఈ పిల్ల గోడ దూకకుండా నువ్వు కాపలా కాస్తావా?"

ఆ పిల్ల వంటగది గుమ్మం పక్కన బెంచీ చివర కూర్చుని ఉంది. గదులు ఊడ్చి, దుప్పట్లు మార్చి, అతిథులకు వండి పెట్టేది ఆమే. వచ్చేపోయే వాళ్ళందరూ 'గదులమ్మాయ్' అని పిలుస్తారు. పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ కంటే ఆమె వెనక గదిలో వినిపిస్తున్న దగ్గుకే ఎక్కువ ఉలిక్కిపడుతోంది.

"పెద్దమ్మగారమ్మా. ఈ గెస్ట్‌హౌస్ సార్ వాళ్ళ అమ్మ. ఇది అన్నం టైము," అంది నత్తమ్మతో. "నన్ను తీసుకుపోతే ఆవిడకి ఎవరు పెడతారు? సార్ పెడితే తినదు."

"ముందు నీ సంగతి చూద్దాం. మందు పెట్టాను అన్నావట. ఏం మందు, ఎక్కడ పెట్టావు?"

"జలుబు మాత్రమ్మా. ఆయనకి ముక్కు దిబ్బడ. వాసనా రుచీ తెలియడం లేదు, నువ్వేం వండినా నాకొకటే అని నవ్వారు. అన్నం తిన్నాక మందుందా అని అడిగారు. సార్ అలమారలోంచి మాత్ర తీసిచ్చారు. దాన్నీ, మంచినీళ్ళనీ ఆయన గదిలో బల్ల మీద పెట్టాను. నేను పెట్టింది అదేనమ్మా."

"బల్ల మీద అన్న ముక్క ఈ కాగితంలో లేదే?"

"చెప్పాను. రాసే సార్ అదంతా అక్కర్లేదన్నారు."

"బల్ల మీద పెడితే ఏంటి, నోట్లో పెడితే ఏంటి?" ఇన్‌స్పెక్టర్ విసుక్కున్నాడు.

"మీ ఆవిడ రోజూ కంచం నీ ముందు పెడుతుందా, నీ నోట్లో పెడుతుందా తమ్ముడూ?"

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఇన్‌స్పెక్టర్ చూసిన చూపుకి ఆ దగ్గు కూడా ఆగిపోయింది.

"నిన్న పొద్దున సంగతి చెప్పు," అంది నత్తమ్మ.

"కాఫీ తీసుకెళ్ళి తలుపు కొట్టాను. పలకలేదు. మళ్ళీ కొట్టాను. మగాళ్ళు ఉండే గది కదమ్మా, నేను తోసుకుని పోను. సార్‌ని పిలిచాను. సార్ వచ్చి తలుపు తోసి, పక్కకి జరిగి గోడకి ఆనుకుని నిలబడ్డారు. భుజం మీది తుండు మూతికి అడ్డం పెట్టుకున్నారు. నేను లోపలికి పోబోతుంటే చెయ్యి పట్టి వెనక్కి లాగారు. ఆగు, కాస్త గాలి ఆడనీ అన్నారు."

"ఎందుకని అడగలేదా?"

"చావు జరిగిన గది కదా, అదేదో పద్ధతేమో అనుకున్నా."

"తలుపు అప్పుడేగా తీశారు? ఆయన చనిపోయాడని అప్పటికి ఎవరికి తెలుసు?"

గదులమ్మాయి గింజల గది వైపు తిరిగి చూసింది.

*

గింజల గది తలుపు పాతది. అరచెయ్యంత మందం ఉన్న చెక్క. బయట వైపు ఇనప గొళ్ళెం ఉంది. లోపల వైపు గడియ లేదు, ఒకప్పుడు ఉన్న గుర్తూ లేదు.

యజమాని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. పొడుగ్గా, చక్కగా ఉతికిన చొక్కాలో, ఎవరితోనూ గొంతు పెంచని మనిషి.

"పాత తలుపులు పాతగానే ఉంచాం. వచ్చేవాళ్ళకి అదో సరదా," అన్నాడు. "గింజలు లోపలి నుంచి గడియ పెట్టుకోవు కదండీ."

"మనుషులు పెట్టుకుంటారు కదండీ."

ఆయన చిన్నగా నవ్వాడు. "ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు."

"లోపలికి రండి, మాట్లాడుకుందాం."

"ఫర్వాలేదు. ఇక్కడి నుంచే చెప్తాను."

"నిన్న తలుపు తీశాక మీరేం చేశారు?"

"ఇంకేం చేస్తామండీ? నేల మీద బోర్లా పడున్నాడు. పరుగెత్తుకెళ్ళి లేపాను. ఒళ్ళు చల్లబడిపోయింది."

"వెంటనే వెళ్ళారా?"

"మనిషి అలా పడుంటే ఎవరైనా ఆగుతారా?"

"ఎక్కడ పడున్నాడు?"

"ఇదుగో, ఇక్కడే. గుమ్మం దగ్గర."

నత్తమ్మ ఆయన చూపించిన చోట మోకాళ్ళ మీద కూర్చుంది. తలుపు లోపలి వైపు, కింది పలక మీద, నాలుగైదు గీతలున్నాయి. చెక్క నల్లబడిపోయింది కానీ ఆ గీతల లోపల ఇంకా తెల్లగా ఉంది. ఒక గీత చివర పేడు లేచింది. ఆ పేడులో చిన్న గోరు ముక్క ఇరుక్కుని ఉంది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. తరువాత కాగితంలో మడిచి సంచిలో వేసుకుంది.

"అవి పశువుల కొమ్ముల గీతలండీ," అన్నాడు యజమాని, ఆమె ఏం తీసిందో కనపడక.

"గింజల గదిలో పశువుల్ని కట్టేవారా?"

"అప్పుడప్పుడూ."

"ఇంతకుముందు మీరేం చేసేవారు?"

"ధాన్యం గోడౌన్ చూసేవాణ్ణి. బస్తాల దుమ్ముకి దగ్గు పట్టుకుంది. వదిలేసి ఈ కొట్టు బాగుచేయించుకున్నాను."

"మీ ఆవిడ?"

"వెళ్ళిపోయింది. కొట్టుని ఇలా మార్చడం ఆమెకి ఇష్టం లేదు."

"ఎక్కడికి వెళ్ళింది?"

"చెప్పి వెళ్ళే మనిషైతే అసలు వెళ్ళేది కాదండీ."

హాల్లోంచి ఇన్‌స్పెక్టర్ కేకేశాడు. యజమాని మర్యాదగా తలవంచి వెళ్ళాడు. నత్తమ్మ లేచి మడమతో నేల తట్టింది. మిగతా గదుల్లో పాత రాతి పలకలు. ఈ ఒక్క గదిలో మాత్రం కొత్త టైల్స్. గోడ వెంబడి తడితే గట్టిగా పలికింది. మంచం దగ్గర తడితే బోలుగా, మద్దెల కొట్టినట్టు మోగింది.

తరువాత గోడ దగ్గరికి వెళ్ళింది. ధాన్యానికి గాలి తగలాలని పూర్వం కట్టినవాళ్ళు రాతిగోడలో నిలువుగా సన్నటి గాలి సందులు వదిలారు. చెయ్యి మాత్రం పడుతుంది. వేరే కిటికీ లేదు. సందుల కింద నేల మీద ఆవాలు ఒలికినట్టు ఏదో నల్లగా ఉంది. ఆమె వంగి చూసింది. చీమలు. అన్నీ చచ్చిపోయి, కాళ్ళు ముడుచుకుని ఉన్నాయి.

నత్తమ్మ గది దాటి కొట్టు వెనక్కి నడిచింది. బయట అదే గోడ మీద, అవే సందుల దగ్గరికి బతికున్న చీమల బారు ఎక్కుతోంది. అంచుదాకా వెళ్ళి తెల్లటి పలుకులు నోట కరుచుకుని దిగి వస్తోంది. ఆమె ఒక పలుకు గోటితో గీకి, నీళ్ళసీసాలోంచి చుక్క వేసి వేళ్ళ మధ్య నలిపింది. అది సాగింది.

పచ్చి మైదా పిండి.

*

"నోరు తెరు పెద్దమ్మా. ఇదొక్కటి. ఇదే ఆఖరిది."

కానిస్టేబుల్‌ని గుమ్మంలో నిలబెట్టి అయినా సరే ఆ పిల్ల చేత పెద్దామెకి అన్నం పెట్టించాలని నత్తమ్మ పట్టుబట్టింది. పెద్దామె ఉండేది 'దూడల గది'లో. ఆ తలుపు కూడా అలాంటిదే, ఆ గోడలోనూ అవే సందులు. మంచం మీద దిండ్లకి చేరగిలపడి ఉన్న ముసలామె మెత్తగా పిసికిన అన్నం రెండు ముద్దలు తిన్నది. మూడోది నోటిదాకా వచ్చేసరికి తల తిప్పుకుంది.

"గోడకి పెట్టకురా," అంది గోడ వైపు చూస్తూ. "చీమలు పడతాయి."

"రెండు రోజులుగా ఇదే మాటమ్మా," అంది గదులమ్మాయి. "గోడకి ముద్దలు పెడుతున్నాడు, గోడకి ముద్దలు పెడుతున్నాడు అని."

నత్తమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. కిటికీలోంచి గింజల గది వెనక గోడ ఎదురుగా కనిపిస్తోంది. సందులతో సహా.

"ఎవరమ్మా పెట్టింది?"

"ఇంకెవడు, నా కొడుకు. మనుషులకి పెట్టడు గానీ గోడకి పెడతాడు."

"మొన్న రాత్రి సార్ రొట్టెలు చేశారా?" నత్తమ్మ గదులమ్మాయిని అడిగింది.

"పిండి కలిపారమ్మా, పెద్ద ముద్ద. రొట్టెలకేమో అనుకున్నా. చెయ్యలేదు. పొద్దున చూస్తే గిన్నె కడిగి బోర్లించి ఉంది."

"ఆ సాయంత్రం కొలతలాయన ఏమన్నా మాట్లాడాడా, సార్ ఎదురుగా?"

గదులమ్మాయి ముద్ద పట్టుకున్న చెయ్యి గిన్నెలో పెట్టి ఆలోచించింది. "అన్నం తింటూ అన్నారు. మీ గింజల గది కింద ఇంకో గది ఉన్నట్టుందండీ, తడితే మోగుతోంది, రేపు ఒక టైలు లేపి చూస్తాను అని. సార్ ఏమీ అన్లేదు. పెరుగు వడ్డించారు."

ముసలామె సన్నగా నవ్వింది. నవ్వుతూనే చెయ్యి చాచి నత్తమ్మ చీర చెంగు పట్టుకుంది.

"గది కాదే పిచ్చిదానా. పాతర. మా మామగారి కాలంలో గింజలు పోసుకున్న గొయ్యి. మెట్లు కూడా ఉన్నాయి. నా కోడలు అందులోనే పడుకుంది. ఒక్క దుప్పటన్నా కప్పరా అంటే వినడు. దానికి చలి."

గదులమ్మాయి మందుకని అందుకున్న చెంచా చేతిలోంచి జారి నేల మీద పడింది.

"టీ చల్లారిపోతుందండీ."

యజమాని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కప్పులు. ఒక్క కప్పు కూడా చప్పుడు చెయ్యలేదు. ఎప్పటి నుంచి ఉన్నాడో కానిస్టేబుల్ కూడా గమనించలేదు.

"అమ్మకి మతి నిలవదు," అన్నాడు మెత్తగా. "నాన్న చనిపోయినా ఇప్పటికీ ఆయనకి కంచం పెట్టమంటుంది."

"నీకు పెట్టమన్నాన్రా?" అంది ముసలామె.

గదులమ్మాయి చెంచా తీసి కొంగుతో తుడిచి, సీసాలోంచి ఎర్రటి మందు పోసి ముసలామెకి తాగించింది. తాగించి మూతి తుడిచింది.

*

"నేల తవ్వించు," అంది నత్తమ్మ.

ఇన్‌స్పెక్టర్ భోజనాల బల్ల దగ్గర లేచి నిలబడ్డాడు. "మతిలేని ముసలావిడ మాట పట్టుకుని నేల తవ్వించాలా? అందులో బియ్యం పురుగులు దొరికితే వాటినీ అరెస్టు చెయ్యమంటావా?"

"అతను విషం తాగలేదు. పీల్చాడు. ఊపిరితిత్తుల మాట డాక్టరు నీకు చెప్పనే చెప్పాడు. సందులు పిండితో మూసి, బయట గొళ్ళెం పెట్టి, గదిని డబ్బా చేశారు. ముక్కు దిబ్బడ కాబట్టి మొదట్లో వాసన తెలియలేదు. తెలిసేసరికి తలుపు రాలేదు. గోళ్ళతో గీకాడు. తెల్లారకముందే గొళ్ళెం తీసేసి, పిండి గీకేశారు. చీమలు లోపలివి చచ్చాయి, బయటివి బతికాయి."

"చీమల మందు పెట్టినా చీమలు చస్తాయక్కా."

"గోరు ముక్క?"

"సరే, గొళ్ళెం ఎవరో పెట్టారు. ఎవరు పెట్టారు? రాత్రి ఆ గదిలోకి ఆఖరిసారి వెళ్ళింది ఎవరు? గదులమ్మాయి. పిండి ఉండేది ఎక్కడ? వంటగదిలో. వంటగది ఎవరిది? ఆ పిల్లదే. నువ్వు చెప్పినవన్నీ ఆమె మెడకే చుట్టుకుంటున్నాయి, చూసుకున్నావా?"

నత్తమ్మ ఒక్కొక్కటీ మనసులో తిరగేసింది. అతను చెప్పిందాంట్లో తప్పు లేదు. పని నేర్పింది తనే.

వంటగదిలోంచి మెత్తటి చప్పుడు వస్తోంది. తడి గుడ్డ బండకేసి కొట్టినట్టు, ఆగి ఆగి.

"యజమాని తలుపు తీసి పక్కకి నిలబడ్డాడు. నాతో మాత్రం పరుగెత్తుకెళ్ళానన్నాడు."

"పక్కకి నిలబడ్డాడని చెప్పిందెవరు?"

"ఆ పిల్ల."

"పిండి కలిపాడని చెప్పిందెవరు?"

"ఆ పిల్లే."

"టైలు లేపుతానన్న మాట?"

"అదీ ఆ పిల్లే."

"చూశావా? ఆ పిల్ల నోటితో రాని మాట ఒక్కటి తీసుకురా. అప్పుడు నేనే పలుగు పట్టుకుని తవ్వుతా." ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకున్నాడు. "నువ్వు నిదానం అక్కా. కాదన్ను. కానీ నీ నిదానానికి ఒక శవం ఆగుతుందేమో గానీ మా పెద్దసార్ ఆగడు."

"పెద్దామె ఉంది. ఆమె కిటికీలోంచి అతన్ని చూసింది. ఆమెతో ఇంకొకసారి నిదానంగా మాట్లాడి, డాక్టరు ఎదుట చెప్పిస్తాను. ఈ పిల్లని అప్పటిదాకా ఇక్కడే ఉంచు."

"కుదరదు."

"నేను హామీ ఉంటాను."

"నువ్విప్పుడు ఎవరివని హామీ ఉంటావు?"

ఆ మాట అన్నాక అతనికే ఎలాగో అనిపించింది. చూపు తిప్పుకుని, గదులమ్మాయిని లేపమని కానిస్టేబుల్‌కి సైగ చేశాడు.

యజమాని వంటగది గుమ్మంలోకి వచ్చాడు. చేతులు తుండుకి తుడుచుకుంటున్నాడు.

"మీరు బయలుదేరండి సార్, పొద్దుపోతే దారి బాగుండదు. మేడమ్, మీరు కూర్చోండి. అమ్మ గదిలో మాత్రలు పెట్టి వస్తాను."

నత్తమ్మ సరేనన్నట్టు తలూపింది. ఆమె చూపంతా గదులమ్మాయి మీదే ఉంది. ఆ పిల్ల ఏడవడం లేదు. బెంచీ కింద ఉన్న తన చెప్పులు తీసుకుని, ఒకటి వేసుకుని, రెండోది ఎలా వేసుకోవాలో మర్చిపోయినట్టు దాన్ని చేత్తో పట్టుకుని నిలబడింది.

నత్తమ్మ వంగి ఆ చెప్పు ఆమె కాలికి తొడిగింది.

*

జీపు ఇంజను మొదలైంది. గదులమ్మాయి వెనక సీట్లోంచి మెడ సాచి చూస్తోంది.

"అమ్మా, పెద్దమ్మగారికి రాత్రికి జావ ఇవ్వండి. వేడిగా ఇస్తే ఊదమంటుంది, మీరే చల్లార్చండి. పక్క తడిగా ఉంటే ఏడుస్తుంది. చెప్పదు, చూసుకోవాలి."

"చూసుకుంటానులే. రాత్రి మాత్రలు కూడా సారే వేస్తారా, నేను వెయ్యాలా?"

"మాత్రలేంటమ్మా? ఆవిడకి మాత్రలు లేవు. మాత్ర గొంతు దిగదు, ఉమ్మేస్తుంది. అన్నీ తాగే మందులే."

జీపు కదిలింది.

నత్తమ్మ అక్కడే నిలబడిపోయింది. చిన్నప్పుడు మేనమామ బియ్యం మిల్లులో విన్న మాట ఎక్కడినుంచో వచ్చి చెవిలో పడింది. ఈరోజు స్టాకుకి మాత్రలు పెట్టాం, ఎవరూ అటు పోకండి. మనిషికైతే మాత్ర వేస్తారు, ఇస్తారు, మింగిస్తారు. గదిలో మాత్రలు పెట్టేది గింజలకి. వాటిలోంచి లేచే విషపు గాలికి పురుగు చావడానికి. పెట్టి, సందులన్నీ మూసి, బయటికి వచ్చి తలుపు వేస్తారు. మళ్ళీ తీసినప్పుడు పక్కకి జరిగి, మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని, గాలి ఆడనిస్తారు. జన్మంతా గోడౌన్‌లో గడిపినవాడు ఇంకోలా తలుపు తీయలేడు. ఇంకో మాట అనలేడు.

"ఆపండి!" అని అరిచింది. జీపు అప్పటికే మలుపు తిరిగింది.

ఫోన్ తీసి ఇన్‌స్పెక్టర్‌కి కలుపుతూ లోపలికి పరుగెత్తింది. ఒకసారి మోగింది. అతను కట్ చేశాడు. మళ్ళీ కలిపింది, మళ్ళీ కట్ చేశాడు. వంటగది దాటుతుంటే గట్టు మీద వెడల్పాటి గిన్నె కనిపించింది. అంచులకి తడి పిండి అంటుకుని ఉంది. ముద్ద మాత్రం లేదు. యజమానీ లేడు.

దూడల గదికి గొళ్ళెం బయట నుంచి పెట్టి ఉంది.

ఒక్క ఊపున తీసింది. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. రెక్కల మధ్యా, గోడ సందుల్లోనూ తెల్లటి ముద్దలు కుక్కి, వేళ్ళతో అదిమి ఉన్నాయి. వేళ్ళ గుర్తులు ఇంకా తడిగా మెరుస్తున్నాయి. కుళ్ళిన వెల్లుల్లి లాంటి వాసన ఇప్పుడిప్పుడే లేస్తోంది. మంచం కింద మాత్రలు కట్టిన గుడ్డ మూట ఒకటి ఉంది.

పెద్దామె దిండ్ల మీద కళ్ళు తెరుచుకుని ఉంది. బతికే ఉంది.

ఆలోచించడానికి అక్కడ సమయం లేదు. జీవితంలో మొదటిసారి నత్తమ్మ ఆలోచించలేదు. చెంగు మూతికి చుట్టుకుని లోపలికి దూకింది. ఆ ఊపులో ఫోన్ గుమ్మం అవతల జారిపోయింది. ఆమె వంగి ముసలామె చంకల కింద చేతులు వేసి లేపబోతుంటే, వెనక తలుపు మూసుకుంది.

ఆ తరువాత గొళ్ళెం పడిన చప్పుడు.

ఆమె వెళ్ళి భుజంతో గుద్దింది. అరచెయ్యంత మందం ఉన్న చెక్క కదల్లేదు. కిటికీ రెక్కల్ని తోసింది, అవీ బయట నుంచి బిగించి ఉన్నాయి. అవతల ఫోన్ మోగడం మొదలుపెట్టింది. రెండుసార్లు కట్ చేశాక ఇన్‌స్పెక్టర్‌కి మనసు ఆగలేదు కాబోలు. నత్తమ్మ గొంతు చించుకుని అరవబోయింది. దగ్గు తెర అడ్డం పడింది.

ఫోన్ మోత ఆగింది. యజమాని గొంతు వినిపించింది. తలుపు దగ్గర నుంచి దూరంగా నడిచి వెళుతూ, ఎప్పటిలాగే మెత్తగా, మర్యాదగా.

"మేడమ్ ఇప్పుడే బయలుదేరారండీ. ఫోన్ ఇక్కడ మర్చిపోయారు."

అడుగుల చప్పుడు పోయింది. కాసేపటికి తిరిగి వచ్చింది. తలుపు కింద సన్నటి వెలుగు గీత ఉంది. నత్తమ్మ చూస్తుండగానే ఆ గీత ఒక చివర నుంచి తగ్గడం మొదలైంది. ఎవరో అవతల నేల మీద కూర్చుని, ఒక్కొక్క ముద్దా తీసి, ఓపిగ్గా అదుముతున్నారు.

ముసలామె ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"చెప్తే ఎవరూ నమ్మరు," అంది. "చూడు, మళ్ళీ గోడకి పెడుతున్నాడు."